మట్టి తినని జుట్టు

నమోదు 1

ఆఖరి రోజు నా భార్య సంజమ్మ పొద్దుదీపాలు వెలిగించకముందే లేచింది. గంజి రెండు గుక్కలు తాగి గిన్నె పక్కన పెట్టింది. కళ్లు పచ్చగా ఉన్నాయి. వారం నుంచి అలాగే ఉన్నాయి. డాక్టర్ ఖాసింబీ వచ్చి నాడి చూసింది, కుడి డొక్క కింద నొక్కి చూసింది. కామెర్లు అంది. నీళ్లలో ఏదో ఉండి ఉంటుందని కూడా అంది. తొట్టి నీళ్లు నేను పని చేసే మట్టిగదికి తీసుకుపోయి పరీక్ష చేశాను. ఏమీ లేదు.

మధ్యాహ్నం ఆమె మూడో వరస మళ్లు వాసన పట్టాయా అని అడిగింది. పట్టాయన్నాను. మేకల గిట్టలు ఎవరు చెక్కుతున్నారంది. మద్దిలేటి అన్నాను.

"వానికి కత్తి పట్టుకునేది రాదు. మేకల్ని కుంటివి చేస్తాడు" అంది.

కాసేపు ఆగి, "నా జుట్టు మడిలో పెట్టొద్దప్పా. బయట పారెయ్" అంది. జ్వరం మాట అనుకున్నాను. సరేనన్నాను.

దీపాలు సగానికి తగ్గించే వేళకు ఊపిరి ఆగింది.

తలనీలాలు నేనే తీశాను. ఊరంతా జుట్టు కత్తిరించుకునే రోజు దాటి ఆరు నెలలే కావడంతో జుట్టు వేలెడు పొడవే ఉంది. గోళ్లు కూడా తీశాను. ఒంటిని గాలిగది దాటించి బయట రాళ్ల కింద పెట్టాం. అక్కడ గాలి లేదు. అక్కడ పెట్టింది కుళ్లదు, మారదు. మా ఊరు రాళ్లదొనలో చనిపోయినవాళ్ల నుంచి లోపలికి తిరిగి వచ్చేది జుట్టూ గోళ్లే. వాటిని ఒక మడిలో కలుపుతాం. మడి పండాక తొలికూర వీధి మొత్తానికి వండుతాం. మొదటి ముద్ద ఇంటివాళ్లది.

ఆమెకు సరేనని చెప్పి కూడా, ఆమె జుట్టు పళ్లెంలో తెప్పించి మూడో వరసలో ఖాళీ మడిలో పెట్టాను. బయట పారెయ్యడం నాకు చేతకాలేదు.

నమోదు 2

ఉదయం వడగుడ్డలు మార్చాను. నీళ్ల వంతు మాది కావడంతో రెండు వరసలు తడిపాను. మళ్లలో గుడ్డు చెడిన వాసన, దాని మీద మూత్రం ఘాటు. కొమ్ముబూజు పని చేస్తోందంటే ఆ వాసనే రావాలి. జుట్టులో గంధకం ఉంటుంది. బూజు ముందు ఆ గంధకపు ముడులు విప్పుతుంది, తర్వాత మిగతాది తింటుంది. జుట్టు, గోరు, కొమ్ము, గిట్ట, ఈక. మరే ప్రాణీ ముట్టనివన్నీ దాని తిండి. ఇక్కడి బూడిద పిండిలో అది తిని వదిలిన సత్తువ మీదే మా బచ్చలీ మా కొర్రా మొలుస్తాయి.

సంజమ్మ మడికి వాసన లేదు.

ఆమె తర్వాత చనిపోయిన ఒక ముసలాయన మడి పక్కనే ఉంది. అది ముక్కు పగిలేలా కొడుతోంది.

మడిపెద్ద ఈరమ్మవ్వ చేతికర్ర ఊపుకుంటూ వచ్చింది. మడి మట్టి ఒప్పుకుందో లేదో చెప్పే అధికారం ఆమెది. చెయ్యి మడిలోకి దూర్చి వేళ్లతో దువ్వుతుంది. వెంట్రుక తగలకపోతే ఒప్పుకున్నట్టు. ఒక్క పాయ పైకి వచ్చినా మడి విప్పి, జుట్టు బయట దుమ్ములో పోస్తారు. ఆ మనిషి ఇక ఎవరి ముద్దలోనూ ఉండదు.

"ఏం ఓబులేసూ, నీ పెండ్లాం మడి ఇంకా నోరు తెరవలేదేందిరా?"

"తడి తక్కువైంది అవ్వా."

"తడి తక్కువా? మా మొగోడు బతికినన్నాళ్లూ పలికినోడు కాదు. వాని మడి పది దినాలకే గుప్పుమనె." ఆమె ముక్కు చీదుకుంది. "సంజమ్మ అంత మాటకారి. మడిలోకి పోయినాక మౌనం పట్టిందా?"

ఆమె పోతూ పోతూ, "కోతకు ముందు చెయ్యి పెడతా. అప్పటికి చూసుకో" అంది.

నమోదు 3

మడి పక్కన వేలు దించి చూశాను. పాయ పాయే వచ్చింది. కడిగి చూస్తే నల్లగా మెరుస్తోంది. నిన్న కోసినట్టుంది.

నాకు మొదట వచ్చిన అనుమానం రాసి పెడుతున్నాను. ఇది జుట్టు కాదేమో. ఎవరో మార్చి ఉంటారు. పాత సీటు దూదిలో నల్లటి నైలాన్ పోగులుంటాయి. వాటిని బూజు ముట్టదు.

మైక్రోస్కోప్ కింద పెట్టాను. నైలాన్ కాదు. పొలుసులున్నాయి. మేక వెంట్రుకా కాదు, మధ్యలో గుజ్జు సన్నగా ఉంది. మనిషి జుట్టే. పదింట్లో ఒకటి తెల్లది. సంజమ్మ పాపటి దగ్గర అలాగే ఉండేది.

జుట్టు ఆమెదే అయితే మడిలో మందేమైనా పోసి ఉండాలి. మడి మట్టి తెచ్చి గాజు పళ్లెంలో పోసి, అందులో నా సొంత జుట్టు నాలుగు పోగులు వేసి మూత పెట్టాను. జుట్టును ఎర వేసి బూజును పట్టడం మట్టిగదిలో రోజూ చేసే పనే. వారానికి నా పోగుల మీద తెల్లటి పొడి కట్టింది. రెండో వారానికి పోగులకు అడ్డంగా సూదితో పొడిచినట్టు రంధ్రాలు పడ్డాయి. మట్టి బాగానే ఉంది. బూజు ఆకలితోనే ఉంది.

నా జుట్టు తిన్నది ఆమె జుట్టు తినలేదు. మడికి చేరకముందే ఎవరో ఆ జుట్టుకు ఏదో పూసి ఉండాలి.

ఆ రోజు తలనీలాల పళ్లెం మోసింది మద్దిలేటి. సంజమ్మ దగ్గర మేకలకొట్టంలో పన్నెండేళ్లు పని చేశాడు. మూడు నెలలుగా నన్ను చూస్తే దారి మారుతున్నాడు.

నమోదు 4

పొద్దు వెలగ్గానే కొట్టానికి పోయాను. కొట్టంలో ఎప్పుడూ ఉక్కే. అందరూ బనీన్లతో ఉంటారు. మద్దిలేటి మాత్రం మణికట్టు దాకా చొక్కా చేతులు దించి బొత్తాం పెట్టుకున్నాడు.

"ఆ పళ్లెం నీ చేతికిచ్చినాను. మడి దాకా తిన్నగా తెచ్చినావా?" అన్నాను.

"ఏంది సార్ ఆ మాట? మధ్యలో అంగట్లో అమ్ముకున్నానా?"

"అడుగుతాండా, చెప్పు."

"తిన్నగానే తెచ్చినా. అక్క జుట్టు నాకు దేవునితో సమానం. కావాలంటే మేక మీద ఒట్టు."

"మేక మీద ఒట్టేంది?"

"నాకుండేది మేకలే గదా సార్."

నవ్వలేదు నేను. "ఇంత ఉక్కలో ఆ చొక్కా ఎందుకు?"

"మేకలు గీరుతాయి."

"పన్నెండేండ్లు గీరలేదు. ఇప్పుడే నేర్చుకున్నాయా?"

"నా చొక్కాతో నీకేం పనప్పా!" అని అరిచాడు. మేకలు బెదిరాయి. తర్వాత గొంతు తగ్గించి, "నన్ను దొంగను చూసినట్లు చూడొద్దు సార్. అక్క ఉంటే నిన్ను ఇట్ల చూడనిస్తాదా?" అన్నాడు.

అతను మేకలను నీళ్లకు తోలుకుపోయాక నేను పెంటగుంత తవ్వాను. ఏం వెతుకుతున్నానో నాకే సరిగ్గా తెలియదు. మందు సీసా, గుడ్డ మూట, ఏదైనా. మోకాలి లోతు పెంటలో ఏ సీసా దొరకలేదు. సంజమ్మ చెక్కి పడేసిన గిట్టల ముక్కలు దొరికాయి. ఒక ముక్క మీద నువ్వుగింజల కన్నా చిన్న గుండ్లు వరసగా అంటుకుని ఉన్నాయి. లేతపసుపు రంగు.

ఇరవై ఆరేళ్లుగా మట్టిగదిలో ఉన్నాను. కొమ్ముబూజు గుండ్లు కట్టడం నేను చూడలేదు. నాకు నేర్పినవాళ్లూ చూడలేదు.

నమోదు 5

గుండును చీల్చి చూశాను. గట్టి పెంకు లేదు. వల అల్లినట్టుంది. వల అంచుల్లో స్ప్రింగులా చుట్టుకున్న పోగులు. లోపల బీజాల సంచులు, ఒక్కోదాంట్లో ఎనిమిది. అంటే ఇది జతకట్టిన బూజు.

మట్టిగదిలో రెండు బీరువాలున్నాయి. ఒకటి మట్టి వర్గానిది. అందులో కొమ్ముబూజు, తెల్లగా, పిండి చల్లినట్టు పెరిగేది. మనకు అన్నం పెట్టేది. రెండోది ఒంటి వర్గానిది. దానికి తాళం ఉంటుంది. అందులో మేకతామర, లేత గోధుమరంగులో నూగులా పెరిగేది. బతికున్న మేకల చర్మం మీద గుండ్రటి మచ్చలు వేసేది. రెండింటికీ వేరు పేర్లు, వేరు చట్టాలు. మట్టి వర్గాన్ని పెంచాలి. ఒంటి వర్గం ఏ మడిలో కనబడినా ఆ వరస మొత్తానికి ఆవిరి పెట్టాలి.

రూపం చూసి పెట్టిన పేర్లవి. పెట్టినవాళ్లను తప్పుపట్టలేను. పళ్లెంలో పక్కపక్కన పెడితే ఎవరూ చుట్టాలనుకోరు.

ఈ బూజుల్లో ఆడా మగా ఉండవు. ఒకే జాతిలో రెండు సగాలుంటాయి. ఒక సగం ఒంటరిగా ఎంతకాలమైనా పొడి రాలుస్తూ బతికేస్తుంది. రెండో సగం తగిలితేనే గుండ్లు కడుతుంది. జాతి వేరైతే ఏళ్ల తరబడి కలిపి ఉంచినా కట్టదు. కాబట్టి గుండ్లు చెప్పే సాక్ష్యాన్ని రంగూ రూపం కాదనలేవు.

ఉడికించిన మట్టి పళ్లెంలో పోశాను. నా జుట్టు కత్తిరించి పరిచాను. ఒక అంచున కొమ్ముబూజు, ఇంకో అంచున మేకతామర నాటాను. రెండూ మధ్యలో కలిసే చోటు వరకు ఎదగాలి. అప్పటిదాకా నేను ఆగాలి.

పాతభూమి నుంచి తెచ్చిన సీసాలో ఒక సగమే వచ్చి ఉంటే? రెండో సగం మేకల ఒంటి మీద ఎక్కి వచ్చి ఉంటే? మూడు తరాలు గోడకు అటూ ఇటూ బతికాయి. పెంటను ఉడికించాకే మళ్లలో వేసేవాళ్లం కాబట్టి కలవలేదు. ఆవిరి ఆదా కోసమని రెండేళ్ల కిందట ఊరి సభ ఆ ఉడికించడం మానిపించింది.

ఇది నిజం కాకూడదని కోరుకుంటున్నాను. కోరుకుంటున్నానని రాయడం కూడా మంచిదే. చూసేటప్పుడు కంటిని నమ్మకూడదని గుర్తుంటుంది.

నమోదు 6

పళ్లెం మధ్యలో గీత గీసినట్టు పసుపు గుండ్లు. జాతి ఒకటే.

ఇదే రోజు ఇంకొకటి చూశాను. సంజమ్మ జుట్టును ఇన్నాళ్లూ పాయలుగా చూశాను. ఈ రోజు ఒక్కొక్క పోగు తీసి పొడవునా చూశాను. ప్రతి పోగుకూ ఒక కొస కొరికేసి ఉంది. బూజు తొలిచిన రంధ్రాలు ఉన్నాయి, గోరు పొడవు మేర. ఆ తర్వాత ఒక్క గాటు లేదు. గీత గీసి, ఇది దాటొద్దని చెప్పినట్టు ఆగిపోయింది.

ఏ కొస మొదలో ఏ కొస చివరో తెలుసుకోవడం తేలికే. పోగును రెండు వేళ్ల మధ్య లాగితే ఒక దిక్కుకు నున్నగా జారుతుంది, ఎదురు దిక్కుకు గరుకు తగులుతుంది. పొలుసులు చివరి వైపుకు వాలి ఉంటాయి. బూజు తిన్నది చివర్లే. మాడు వైపు మొత్తం వదిలేసింది.

జుట్టు మాడు నుంచి పెరుగుతుంది. చివర పాతది, మొదలు కొత్తది. అంటే ఆఖరి నాలుగైదు నెలల్లో పెరిగిన జుట్టులోకి బూజును చంపేది ఏదో చేరింది. మడిలో ఎవరూ ఏమీ పోయలేదు. రక్తంలోంచి వచ్చింది. ఆమె తిన్నది, లేదా ఆమెకు తినిపించినది.

అన్నం నేను వండేవాణ్ని. నీళ్లు అందరూ తాగేవే. ఆమె నోట్లోకి పోయే మరో వస్తువు ఏదైనా పెట్టగలిగేది రాళ్లదొనలో ఒక్క మనిషే. ఆ మనిషే కామెర్లని చెప్పింది.

పరుపు విప్పాను. దిండు గలీబు లోపల దువ్వెన వెంట్రుకలు ఉండలు చుట్టి ఉన్నాయి, చాలా. ఇక్కడ దువ్వెన వెంట్రుకలు ఎవరూ దాచుకోరు, వారం వారం మళ్లకు ఇచ్చేస్తారు. మళ్లకు వెళ్లకూడదని సంజమ్మ వాటిని దాచింది. తన జుట్టులో ఏముందో ఆమెకు తెలుసు.

నా దగ్గర దాచింది.

నమోదు 7

ఖాసింబీ దవాఖానాలో సూదులు ఉడకబెడుతోంది. నన్ను చూసి స్టవ్ ఆర్పింది.

"కూచో అన్నా. నిలబడి చూస్తే జప్తుకొచ్చినోని మాదిరి ఉండావు."

దువ్వెన వెంట్రుకల ఉండ బల్ల మీద పెట్టాను. "దీంట్లో ఏముంది?"

ఆమె ముట్టుకోలేదు. నేను మరో మాట అడగకముందే కళ్లు తుడుచుకుంది. అది నాకు నచ్చలేదు.

"నువ్వు కూచుంటే చెప్తా."

కూర్చున్నాను.

"తామర. మోచేతి లోపల, ఇంత మచ్చ. గిట్టలు చెక్కేటప్పుడు అంటుకున్నింటాది. పైపూతకు తగ్గల్యా. రెండు, మూడు అయినాయి. తలలోకి ఎక్కింది. కడుపులోకి మాత్ర ఇస్తే గానీ పోదు. ఆ మాత్ర పెరిగే జుట్టులోకి, గోర్లలోకి చేరుకుంటాది. అక్కడ్నే కాపు కాస్తాది. బూజు ఆ జుట్టు తినలేదు."

"లివరు?"

"నూటికో ఇన్నూటికో ఒకరికి తగులుకుంటాదని రాసుండె. మా దగ్గర మాత్రలు డబ్బాలో ఎన్నేండ్ల నుంచి ఉండాయో అల్లాకే ఎరుక. కండ్లు పచ్చబడినాక ఆపేసినా. అప్పటికే..."

"మనిషికి ఒంటి బూజు వస్తే సభకు చెప్పాల. నాకు చెప్పాల."

"చెప్తానంటి. ఆమె నా చెయ్యి పట్టుకునె." ఖాసింబీ నా వైపు చూడకుండా మాట్లాడింది. "'ఆయనకు మాత్రం చెప్పొద్దు డాక్టరమ్మా' అనె. 'చెప్తే చూస్తాడు. చూస్తే రాస్తాడు. రాసినాక సభ ఊరకుంటాదా? మళ్లన్నీ ఉడకబెడతారు. బిడ్డలు ఏం తింటారు? ఆయప్పకు దాచుకునేది చాతకాదు, నాకయితే చాతవుతాది' అనె."

వెంట్రుకల ఉండ తీసి జేబులో పెట్టుకున్నాను. బయట ఎవరో దగ్గుతున్నారు, వంతు కోసం కూర్చున్నవాళ్లు.

"నీ మీద అనుమానంతో వచ్చినాను" అన్నాను.

"తెలుసులే. ఈ వారమంతా నన్ను చూసి నమస్తే పెట్టల్యా నువ్వు."

"ఇంకెందరు?"

ఆమె వేళ్లు ముడిచి లెక్క చూసుకుంది. "ఏడుమంది మింగుతాండారు. ఇద్దరికి కండ్లు రంగు మారినాయి."

"మద్దిలేటి?"

"ఆ ఇద్దర్లో వాడొకడు. ఆపమంటే ఆపడు. ఆపితే మచ్చ బయట పడతాదని భయం."

ఇదంతా ఈరమ్మవ్వకు తెలుసా అని అడిగాను. తెలుసంది. ఎప్పటి నుంచి అన్నాను. సంజమ్మ పోయిన రోజు నుంచి అంది.

నమోదు 8

ఖాసింబీ మాటనూ పరీక్ష చేయకుండా నమ్మలేదు. ఎడమ ముంజేతి మీద మూడు చోట్ల చర్మం గీరి, మొదటి చోట కొమ్ముబూజు, రెండో చోట మేకతామర, మూడో చోట పసుపు గుండ్లలోంచి పుట్టిన పిల్లబూజు పెట్టి కట్టు కట్టాను. కట్టు విప్పితే మొదటి చోట ఏమీ లేదు. రెండో చోట కాస్త ఎర్రబారి మానిపోయింది. మూడో చోట ఉంగరంలా మచ్చ లేచింది, రోజురోజుకూ పెద్దదవుతోంది.

మట్టి సగం మనిషిని ముట్టదు. మేక సగం మనిషి మీద నిలబడదు. ఇద్దరికీ పుట్టిన బిడ్డ మాత్రం మట్టిలోనూ బతుకుతుంది, మన ఒంటి మీదా బతుకుతుంది. వరసల వారీగా మట్టి తెచ్చి ఎర వేసి చూశాను. పెంట పడిన ప్రతి మడిలోనూ ఆ బిడ్డ ఉంది. అంటే అన్నిట్లోనూ.

పాతభూమి సీసాలోని అసలు సగం లక్క వేసి భద్రంగా ఉంది. మళ్లన్నీ ఉడికించి దానితో మొదలుపెడితే తిరిగి పంటకు వస్తాం. నడుమ ఒక పంట పోతుంది. నిల్వ కొర్రలు సగం కడుపుకు సరిపోతాయి. ఉడికిన మళ్లలో జుట్టు లోపల ఉంచరాదని చట్టం. ఇంకా ముద్ద తినని ఇళ్లన్నిటికీ వాళ్ల మనిషి బయటికి పోతుంది.

మద్దిలేటిని పిలిచి ముంజెయ్యి చూపించాను. అతను దాన్ని చూశాడు, తలుపు వైపు చూశాడు, మెల్లగా తన బొత్తాం విప్పాడు. మోచేతి దాకా మచ్చలే. కనుగుడ్లు పచ్చగా ఉన్నాయి. అదే పచ్చ.

"మాత్ర ఆపు. ఈ రోజే" అన్నాను.

"ఆపుతా సార్. ఒక నెల ఆగి ఆపుతా."

"నెలకు నువ్వుండవు."

"మాయమ్మ మడి వచ్చే నెలకు కోతకొస్తాది." అతను బొత్తాం మళ్లీ పెట్టుకున్నాడు. "నువ్వు చెప్తే ఉడకబెడతారు. మాయమ్మను దుమ్ములో పోస్తారు. ఒక్క ముద్ద సార్. మాయమ్మ నాకు మూడు పూటలా పెట్టింది, నేను ఒక్క ముద్ద తింటా. ఆ తర్వాత నువ్వు రాసుకో, చాటింపు వేసుకో."

"నిన్ను దొంగ అనుకున్నాను మద్దిలేటీ."

"తెలుసు. నువ్వు పెంటగుంత తవ్వి మళ్ల పూడ్చకుండా పోయినావు. రెండు మేకలు పడినాయి దాంట్లో."

అతను నవ్వబోయాడు, కుదరలేదు.

నమోదు 9

ఈ రోజు ఈరమ్మవ్వ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ ఎవరి ఇంటికీ రాదు. సంజమ్మ పీట మీద కూర్చుంది.

"రేపు నీ మడిలో చెయ్యి పెట్టే దినం" అంది.

"తెలుసు."

"పెడితే పాయలు పాయలు వస్తాయని నాకూ తెలుసు, నీకూ తెలుసు. కాబట్టి పెట్టను. పెట్టినట్లు వంగుతా. ఒప్పుకున్నాదని చెప్తా. తొలికూర వండుకో. పెండ్లానికి ముద్ద దక్కించుకో."

"ఊరికేనా?"

"ఊరికే ఎవరు చేస్తార్రా?" కర్ర నేలకు ఆనించి ముందుకు వంగింది. "కోత అయ్యేదాకా నోరు కట్టుకో. ఒక్క కోత. మూడు వందల కడుపులుండాయి. చూసినావా ఈ వీధిలో పిలకాయల్ని, ఒగొగని పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. తామరతో ఎవరు చస్తారు? గోక్కుంటారు. ఆకలయితే చంపుతాది."

"తామర చంపదు. మాత్ర చంపుతాంది. దాచుకోవాలనే మాత్ర మింగుతాండారు."

"ఇద్దరు. మూడు వందల్లో ఇద్దరు."

"అప్పుడు సంజమ్మ ఒక్కతే అనుకునింటావు."

ఆమె ముఖం తిప్పుకుని గోడకు వేలాడుతున్న గిట్టలకత్తి వైపు చూసింది. "సంజమ్మే ఆ ఆఖరి దినం నాకు చెప్పింది రా, నోరు కట్టుకోమని. నీ పెండ్లాం తెలివిగలది. నువ్వు చదువుకున్నోనివి అంతే." లేవడానికి చెయ్యి చాపింది. లేపాను. గుమ్మం దగ్గర, "ఆమె ప్రాణమిచ్చి కాపాడిన మళ్లు అవి. నువ్వు ఉడకబెడతావా?" అంది.

ఆమె వెళ్లాక ఆ ప్రశ్నతో కూర్చున్నాను. దాంట్లో అబద్ధం లేదు. అందుకే వెదికాను, ఎక్కడైనా దొరుకుతుందేమోనని. కోత దాకా ఆగితే ఏమవుతుందో కాగితం అక్కర్లేకుండానే తెలుస్తోంది. కోతకు ఊరంతా మళ్లలో దిగుతుంది, మోకాళ్ల దాకా, మోచేతుల దాకా, పిల్లలతో సహా. ఏడుగురు డెబ్బై మంది అవుతారు. డెబ్బై మందీ సంజమ్మలాగే దాచుకుంటారు. ఖాసింబీ డబ్బా ఖాళీ అయ్యేదాకా మింగుతారు. ఈరమ్మవ్వ లెక్క ఈ రోజుది. నాది వచ్చే నెలది.

సంజమ్మ ఎదురుగా ఉంటే వాదించేది. గెలిచేది కూడా. మా ఇంట్లో వాదన ఎప్పుడూ నేను గెలవలేదు. ఆమె నన్ను సరిగ్గానే అంచనా వేసింది, చూస్తే రాస్తానని. రాశాను. రెండు బీరువాల మీద పేర్లు ఈ రోజే తీసేశాను. ఇప్పుడు ఒకే పేరు ఉంది.

ఆమె చూడనిది ఒకటుంది. ఆమెకు మచ్చలేసింది మేకతామర కాదు, రెండు సగాలకూ పుట్టిన బిడ్డ. దాన్ని చూడాలంటే గుండ్లు కావాలి, పళ్లెం కావాలి, మట్టిగది కావాలి. నాకు చెప్పి ఉంటే గిట్టల్లో అప్పుడే వెదికేవాణ్ని. అప్పటికి ఒక్క వరస ఉడికిస్తే సరిపోయేది. ఆమె మీద కోపం వస్తోంది. పోయిన తర్వాత ఆమె మీద కోపం రావడం ఇదే మొదలు. రానిస్తున్నాను.

మద్దిలేటితో సాయంత్రం మళ్లీ మాట్లాడాను. తొలికూర ముద్ద ఇప్పించలేనని చెప్పాను. అతను తల వంచుకున్నాడు. "మొదలు ఎవరి మడి ఉడకబెడతారు?" అని అడిగాడు. వరసలో మొదటిది వాళ్లమ్మదే. చట్టం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పదని, నాకు తోచిన చోట మొదలుపెడతానని అన్నాను.

"ఎక్కడ?" అన్నాడు.

చెప్పాను. అతను తల ఎత్తి నన్ను చూశాడు, మాత్రల సీసా జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. ఆవిరి గొట్టం బరువుగా ఉంటుంది, నేనూ పట్టుకుంటానన్నాడు.

రేపు పొద్దు వెలగ్గానే సీసా ఖాసింబీకి ఇచ్చి, మద్దిలేటిని దవాఖానాలో కూర్చోబెడతాను. ఆవిరి గొట్టం ఒక్కణ్నే మోస్తాను. ఈరమ్మవ్వ వచ్చేసరికి దాన్ని సంజమ్మ మడికి బిగించి ఉంచుతాను. జనం పోగయ్యాక చొక్కా చెయ్యి పైకి మడిచి, మచ్చ చూపించి, కవాటం తిప్పుతాను.